హిమాలయాల మేక కోసం న్యూజిలాండ్ కొండల్లో

హిమాలయన్ తార్ అనే కొండమేకను మన దేశంలో చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో దాని పేరుంది. అదే జంతువును న్యూజిలాండ్‌లో ప్రభుత్వమే హెలికాప్టర్ల మీది నుంచి కాల్పిస్తుంది. ప్రభుత్వ అటవీ భూముల్లో వేటాడతామని అడిగినవారికి అనుమతి పత్రం ఉచితంగా ఇస్తుంది. క్రైస్ట్‌చర్చ్‌లో స్థిరపడిన మా బావమరిది ఈ సంగతి చెబితే మొదట నేను నమ్మలేదు. అక్కడి స్నేహితులతో కలిసి తిరుగుతూ అతను వేట అలవాటు చేసుకున్నాడు. "మే నెలలో రండి బావా. హైదరాబాదు ఎండల్లో మాడిపోతుంటుంది, ఇక్కడ కొండల మీద మంచు పడుతుంటుంది. పోతులకు జూలు నిండుగా ఉండేదీ అప్పుడే" అన్నాడు. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. వేట ఎన్ని రోజులైతే, ఊళ్ళూ సరస్సులూ చూడడం కూడా అన్ని రోజులు.

హిమాలయాల మేక అంత దూరం ఎలా వెళ్ళిందంటే, ఓడలో వెళ్ళింది. న్యూజిలాండ్ నేల మీద గబ్బిలాలు తప్ప స్వదేశీ క్షీరదాలు లేవు. కొండలన్నీ ఖాళీగా ఉన్నాయని, వేట జంతువులు ఉంటే ఆటవిడుపుగా ఉంటుందని తెల్లదొరలు అనుకున్నారు. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్ డ్యూక్ తన ఎస్టేటులో పెంచుతున్న తార్‌లను కొన్ని కానుకగా పంపితే, 1904లో అవోరాకి పర్వతం దగ్గర వదిలారు. ఈ పర్వతానికే మౌంట్ కుక్ అని మరో పేరు. చిరుతలూ తోడేళ్ళూ లేని చోట అవి ఎలా పెరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. కొండగడ్డినీ, అక్కడ తప్ప ఎక్కడా పెరగని పూలమొక్కలనూ మొదళ్ళదాకా మేసేశాయి. 1970లలో హెలికాప్టర్ల మీద మాంసం వ్యాపారులు పడి వాటిని దాదాపు తుడిచిపెట్టారు. ఆ వేట ఆపగానే మళ్ళీ పెరిగాయి. 1993లో వచ్చిన ప్రభుత్వ ప్రణాళిక మొత్తం మీద 10,000కు మించి ఉండకూడదని చెప్పింది. 2019 నాటి లెక్కలో 30 వేలకు పైగా తేలాయి. సంఖ్య తగ్గించాలని ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ, పూర్తిగా ఊడ్చేయవద్దని వేటగాళ్ళు. 2020లో ఈ గొడవ కోర్టుదాకా వెళ్ళింది.

ఈ నేపథ్యం తెలుసుకున్నాకే వెళ్ళడానికి ఒప్పుకున్నాను. అంతరించిపోతున్న జంతువునైతే డబ్బిచ్చి పిలిచినా కాల్చను.

బయలుదేరేముందు తేల్చుకోవలసిన మొదటి విషయం తుపాకీ. విదేశీయులు తమ తుపాకీని వెంట తెచ్చుకోవాలంటే న్యూజిలాండ్ పోలీసుల దగ్గర సందర్శకుల లైసెన్సుకు ముందుగానే దరఖాస్తు చేసుకోవాలి. నాకు తుపాకీ లేదు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్‌తో కాల్చిన అనుభవం తప్ప వేరే విద్య కూడా లేదు. అయితే అక్కడి చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. లైసెన్సున్న మనిషి పక్కనే ఉండి, చేయి చాస్తే తుపాకీ అందేంత దగ్గర నుంచి పర్యవేక్షిస్తుంటే, లైసెన్సు లేనివారూ కాల్చవచ్చు. పర్యవేక్షించే మనిషి ఆ సమయంలో తాను మరో తుపాకీ పట్టకూడదు. అందుకే గైడును పెట్టుకున్నాం. తుపాకీ, తూటాలు, బస, వాహనం అన్నీ ఆయనవే. రోజుకు ఇంత అని ఒక లెక్క, పోతును కొడితే దానికి వేరే లెక్క. మా ప్రయాణం మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇక్కడే పోయింది. బావమరిదిలా లైసెన్సుండి, కొండలు తెలిసినవారైతే ప్రభుత్వ భూముల్లో పెద్దగా ఖర్చు లేకుండానే వేటాడుకుంటారు.

ప్రయాణ బీమా గురించి ఒక మాట. చాలా పాలసీలు వేటను, ఎత్తయిన కొండల మీద తిరగడాన్ని మినహాయిస్తాయి. ఆ చిన్న అక్షరాలు చదవడానికి ఒక సాయంత్రం కేటాయించండి. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే అక్కడి ప్రభుత్వ పథకం కింద సందర్శకులకు కూడా చికిత్స ఖర్చులో సాయం అందుతుంది. జబ్బు చేస్తే మాత్రం ఆ పథకం వర్తించదు, ఇంటికి చేర్చే ఖర్చూ ఇవ్వరు.

ఒంటిని సిద్ధం చేసుకోవడానికి వీపు సంచిలో బియ్యం వేసుకుని వారాల తరబడి మౌలాలి గుట్ట మెట్లు ఎక్కి దిగాను. గుండెకూ ఊపిరితిత్తులకూ అది చాలినంత పని. మోకాళ్ళకు మాత్రం ఏ మెట్లూ చాలవు. జారే రాళ్ళ వాలు మీద దిగడం ఎలా ఉంటుందో అక్కడికి వెళ్ళాకే తెలుస్తుంది.

క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో తుపాకీ గురించి అడిగేవారు లేరు, బూట్ల గురించి అడిగారు. కొండల్లో తిరిగిన బూట్లు, డేరాలు, తిండి పదార్థాలు ఏవి తెచ్చినా కాగితం మీద చూపించాలి. చూపించకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మా ఆవిడ ఆవకాయ సీసాను కూడా రాసింది. అధికారిణి సీసా తిప్పి చూసి పంపించేసింది కానీ, నా బూట్లను లోపలికి తీసుకువెళ్ళి అడుగుభాగం కడిగి తెచ్చి ఇచ్చింది. ఒక విత్తనం, ఒక పురుగు వస్తేనే ఇంత జాగ్రత్త పడే దేశం ఒకప్పుడు ఓడల్లో జింకలనూ మేకలనూ తెప్పించుకుని వదిలిందంటే, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

రోజుల పంపకంలో బావమరిది మంచి సలహా ఇచ్చాడు. వేటను ముందు పెట్టి, చూడవలసిన ఊళ్ళను తరువాత పెట్టుకోమన్నాడు. కొండ మీద వాతావరణం ఏ రోజును మింగేస్తుందో చెప్పలేం. వేట వెనకబడితే ఊళ్ళ రోజుల్లోంచి ఒకటి అరువు తెచ్చుకోవచ్చు. వేటను చివర పెట్టుకుంటే అరువిచ్చేవారుండరు, విమానం ఆగదు. మా ఆవిడ మాత్రం అరువు తీసుకున్న రోజును తిరిగి ఎలా తీరుస్తారని అడిగింది.

క్రైస్ట్‌చర్చ్ నుంచి నైరుతి దిక్కుగా పచ్చని మైదానాలు దాటి, బర్క్స్ పాస్ ఎక్కి దిగగానే నేల రంగు మారిపోతుంది. మెకెంజీ ప్రాంతం అది. చెట్టు కనిపించదు, కనుచూపు మేర ఎండుగడ్డి రంగు, అంచున తెల్లని కొండలు. ఈ ప్రాంతానికి పేరిచ్చిన జేమ్స్ మెకెంజీ గొర్రెల దొంగ. 1855లో వెయ్యి గొర్రెలను తోలుకుపోతూ దొరికాడు. తన కుక్కతో కలిసి అతను వాడిన దారి వల్లనే ఈ పీఠభూమి సంగతి వలసదారులకు బాగా తెలిసింది. ఒక జిల్లాకు దొంగ పేరు పెట్టి దాచకుండా చెప్పుకునే జనం నాకు నచ్చారు.

మా గైడు అరవై దాటిన మనిషి, పుట్టింది పెరిగింది గొర్రెల ఫారాల మీదే. వేటకు మమ్మల్ని తీసుకువెళ్ళింది కూడా ఒక ప్రైవేటు ఫారం కొండల్లోకి. ప్రైవేటు భూమి కాబట్టి యజమాని అనుమతి చాలు. వెళ్ళగానే చేయించిన పని గురి పరీక్ష. 200 మీటర్ల దూరంలో అట్టముక్క పెట్టి, నేల మీద బోర్లా పడుకోబెట్టి కాల్పించాడు. రైఫిల్ గొట్టానికి సైలెన్సర్ ఉంది. సినిమాలు చూసిన మనకు అది దొంగల సామానులా అనిపిస్తుంది కానీ అక్కడ చట్టబద్ధం, చెవులకు రక్ష. కాల్చిన ప్రతిసారీ తుపాకీ ఖాళీ చేయించి నా చేతే చూపించమన్నాడు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే భావించాలి. గురిలో ఉన్నదేమిటో అణుమాత్రం సందేహం లేకుండా తెలిస్తే తప్ప వేలు మీటకు తగలకూడదు. అక్కడి ఏడు భద్రతా సూత్రాలను నా చేత బడిపిల్లవాడిలా వల్లె వేయించి గాని వదలలేదు.

బస ఒక రేకుల గుడిసె. పూర్వం గొర్రెలను కొండల నుంచి కిందికి తోలే కాపరులు రాత్రులు ఉండడానికి కట్టుకున్నది. గోడల మీద వాళ్ళు పెన్సిల్‌తో రాసుకున్న పేర్లూ తేదీలూ ఉన్నాయి. ఇనుప పొయ్యి, పరుపులు, బయట వాగునీళ్ళు. మా ఆవిడ, ఆమె మరదలు అక్కడికి నలభై నిమిషాల దూరంలో టేకపో సరస్సు ఒడ్డున గది తీసుకున్నారు. తెలివైనవాళ్ళు.

వేట అంటే నడక అనుకున్నాను. చాలావరకు కూర్చోవడం. తెల్లవారడమే ఎనిమిదికి, సాయంత్రం అయిదింటికల్లా చీకటి. ఆ కాస్త వెలుగులోనే ఒక వాలు మీద చోటు చూసుకుని, ఎదుటి వాలును బైనాక్యులర్స్‌తో జల్లెడ పట్టాలి. ఎడమ నుంచి కుడికి, ఒక వరుస అయ్యాక దాని కింది వరుస. మొదటి రోజు గైడు పది జంతువులను చూపించేదాకా నాకు రాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. "జంతువు కోసం వెతక్కు. అక్కడ ఉండకూడని రంగు కోసం, అడ్డంగా ఉన్న గీత కోసం వెతుకు" అన్నాడు. నీడలో నల్లగా కనిపించేది ఎండలోకి రాగానే తేనెరంగు జూలుతో పోతు అయిపోతుంది. మెడ నుంచి మోకాళ్ళదాకా వేలాడే ఆ జూలు గాలికి అలలుగా ఊగుతుంటే, కాల్చాలన్న తొందర కాసేపు నాకు పూర్తిగా పోయింది.

గాలి సంగతి ఇంకో పాఠం. పొద్దున చల్లగాలి కొండ మీది నుంచి లోయలోకి దిగుతుంది. ఎండ పడి నేల వేడెక్కాక లోయలోంచి పైకి ఎక్కుతుంది. మన వాసన ఎటు పోతుందో దాన్నిబట్టి దారి మారాలి. తార్ ప్రమాదం కింది నుంచే వస్తుందనుకుని ఎప్పుడూ కిందికే చూస్తుంది కాబట్టి, వీలైతే దానికంటే పైకి చేరాలి. చేరడమంటే ముళ్ళ పొదల్లోంచి, సూదుల్లాంటి ఆకులున్న గడ్డి దుబ్బుల మధ్య నుంచి, అడుగు వేస్తే అరడుగు జారే రాళ్ళ మీదుగా. ఆ గడ్డిని చేత్తో పట్టుకుని పైకి లాక్కుందామనుకునేవారు ఒక్కసారే ఆ పని చేస్తారు. అక్కడ పాములు లేవు. రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టడానికి నా చెయ్యి ఒప్పుకోవడానికే రెండు పూటలు పట్టింది.

మధ్యలో ఒక రోజంతా వాయవ్య గాలి. వానా మంచూ అడ్డంగా కొడుతుంటే గుడిసెలో పొయ్యి ముందు కూర్చున్నాం. బయట ఉంచిన జీపు కిటికీల రబ్బరును కియా చిలుకలు పీకుతుంటే తోలడానికి మాత్రం లేచాం. కొండచిలుకలు అవి, చూడడానికి ఆకుపచ్చ, బుద్ధికి కోతి. అరువు రోజు అలా ఖర్చయింది.

మరునాడు గాలి తెరిపి ఇచ్చాక ఒక ముసలి పోతు కనిపించింది. కొమ్ముల మీది వలయాలు లెక్కపెట్టి వయసు అంచనా వేస్తారు. ఎనిమిదేళ్ళకు తక్కువ ఉండదన్నాడు గైడు, కొమ్ములు 12 అంగుళాలు దాటుతాయన్నాడు. దూరం సరిపోయింది, గాలి మా వైపే ఉంది. నేను పడుకుని, సంచి మీద తుపాకీ ఆనించి గురి చూస్తున్నాను. గైడు నా భుజం మీద చెయ్యి వేసి వద్దన్నాడు. పోతు నిలబడిన అంచు కింద నిట్టనిలువు రాతిగోడ. తగిలితే అది వందల అడుగులు పడుతుంది, మాంసం పనికిరాదు, దిగి తెచ్చుకోవడం మనిషి చేయగల పని కాదు. "తెచ్చుకోలేని దాన్ని కాల్చడం వేట కాదు" అన్నాడు. ఇంత డబ్బు తీసుకుని ఆ మాట అనడం వల్ల ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. పోతు మేస్తూ మేస్తూ అంచు దాటి వెళ్ళిపోయింది.

చివరికి దొరికిన పోతు అంత పెద్దది కాదు. మధ్యాహ్నం దాటాక ఎండ పడే వాలు మీదికి మూడు ఆడవాటి వెనక దిగింది. ఎదకు వచ్చే కాలం కాబట్టి వాటి చుట్టూ తిరుగుతూ మమ్మల్ని పట్టించుకోలేదు. 240 మీటర్లు. అది పక్కకు తిరిగేదాకా ఆగాను. ముంజేతుల కింద నేల చల్లదనం, పక్కన గైడు ఊపిరి తప్ప ఏమీ గుర్తులేదు. సగం ఊపిరి వదిలి మీట నొక్కాను. అది రెండడుగులు వేసి గడ్డిలోనే కూలింది. ఆడవి కొంచెం దూరం పరుగెత్తి ఆగి వెనక్కి చూశాయి. ఆనందమా అని అడిగితే, అవును. దగ్గరికి వెళ్ళి, ఆ జూలులో చెయ్యి పెట్టి, ఇంకా వెచ్చగా ఉన్న మెడను తాకినప్పుడు మాత్రం ఆ ఆనందంలో మరొకటి కలిసింది. బావమరిది ఫోటో తీస్తానంటే కాసేపు ఆగమన్నాను.

అప్పుడే గైడు ఒక లెక్క చెప్పాడు. ఒక పోతు చాలా ఆడవాటిని కడుతుంది. పోతును కాల్చితే వచ్చే ఏడాది పిల్లల సంఖ్య ఏమీ తగ్గదు, పక్క లోయ నుంచి మరో పోతు వస్తుంది. సంఖ్య తగ్గాలంటే ఆడవాటిని కాల్చాలి. జూలుండదు, కొమ్ములు చిన్నవి, గోడకు తగిలించుకునే అందం ఉండదు కాబట్టి వాటికోసం సముద్రాలు దాటి ఎవరూ రారు. కొండకు మేలు చేస్తున్నామని వేటగాళ్ళు చెప్పుకునే మాటలో సగమే నిజమని నాకు అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం పిల్ల లేని ఆడతార్‌ను ఒకదాన్ని మాంసం కోసం కొట్టమని గైడే అన్నాడు. దానికి వేరే రుసుము కూడా లేదు. ఆ మాట చాలు, ఏ జంతువుకు ఎక్కడ విలువ ఉందో తెలియడానికి.

కోయడం, తొడలూ వెన్నుకండలూ విడదీయడం గైడూ బావమరిదీ చూసుకున్నారు. మోయడం అందరిదీ. చీకట్లో నెత్తికి దీపాలు కట్టుకుని ఆ రాళ్ళ వాలు దిగినప్పుడు మౌలాలి మెట్లు ఒక్కటీ పనికిరాలేదు.

ఇక మా ఆవిడ వాటా. టేకపో సరస్సు నీళ్ళు ఆ నీలం రంగులో ఉండడానికి కారణం హిమానీనదాలు కొండలను అరగదీయగా వచ్చిన రాతిపిండి. ఒడ్డున 1935లో కట్టిన చిన్న రాతి చర్చి, దాని పక్కనే గొర్రెలు కాసిన కుక్కల గౌరవార్థం నిలబెట్టిన కంచు కుక్క. అది మెకెంజీ కుక్క అని కొందరు యాత్రికులు చెప్పుకుంటారు గానీ, ఆ ప్రాంతపు కాపరి కుక్కలన్నిటి కోసమూ పెట్టింది. ఆకాశంలోకి వెలుతురు పోకుండా వీధి దీపాలను కిందికి వంచి పెట్టారు. 2012 నుంచి ఆ ప్రాంతం అంతర్జాతీయ చీకటి ఆకాశ సంరక్షణ ప్రదేశం. మాగెల్లాన్ మేఘాలు అనే రెండు చిన్న గెలాక్సీలు ఉత్తరార్ధగోళంలో పుట్టిన మనకు దాదాపు కనబడనివి. అక్కడ తలెత్తితే చాలు కనబడతాయి. చలికి పళ్ళు కొట్టుకుంటున్నా మా ఆవిడ లోపలికి రానంది.

పుకాకి సరస్సు వెంట అవోరాకి గ్రామానికి వెళ్ళే దారి గురించి ఎక్కువ చెప్పను, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. 3,724 మీటర్ల శిఖరం దారంతా ఎదురుగానే ఉంటుంది. టాస్మన్ హిమానీనదం చూడడానికి ఎక్కిన చిన్న గుట్ట మీద మాత్రం చాలాసేపు ఆగాం. 1973లో అక్కడ సరస్సే లేదట. మంచు వెనక్కి తగ్గుతూ తగ్గుతూ 2008 నాటికి 7 కిలోమీటర్ల సరస్సు ఏర్పడింది. ఊళ్ళో ఎడ్మండ్ హిల్లరీ కంచు విగ్రహం శిఖరం వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. ఆయన కొండలెక్కడం నేర్చుకున్న చోటు ఇదే. హిమాలయాలకు వెళ్ళి మంచిపేరు తెచ్చుకున్న ఇక్కడి మనిషి, హిమాలయాల నుంచి వచ్చి చెడ్డపేరు తెచ్చుకున్న అక్కడి మేక.

ఆ లోయలో నడుస్తుండగా బైనాక్యులర్స్ మా ఆవిడ చేతిలో ఉన్నాయి. యాత్రికులందరూ శిఖరాన్ని ఫోటోలు తీస్తుంటే, ఆమె ఎడమ పక్క రాతిగోడను ఎడమ నుంచి కుడికి వరుసలుగా చూస్తోంది. నా దగ్గర విన్నదే. కాసేపటికి "అదుగో, అడ్డగీత" అంది. ఒక ఆడతార్, దాని వెనక పిల్ల. జాతీయ పార్కుల్లో ఒక్క తార్ కూడా ఉండకూడదన్నది ప్రభుత్వ లక్ష్యం. ఆ తల్లీ పిల్లా ఆ లక్ష్యం బయట పడ్డవే. వాటిని ఏం చేస్తారని ఆమె అడిగితే, హెలికాప్టరు వస్తుందని చెప్పాను. ఆమె మళ్ళీ బైనాక్యులర్స్ ఎత్తి, అవి గోడ మలుపు తిరిగేదాకా చూసింది.

కొమ్ములను ఇండియాకు తెచ్చే ఆలోచనే పెట్టుకోలేదు. మొదటి షెడ్యూలు జంతువు కొమ్ములు హైదరాబాదులో ఇంటి గోడ మీద ఉంటే, అవి న్యూజిలాండ్ నుంచి వచ్చాయని ఎవరెవరికి చెప్పుకోగలం? బావమరిది గ్యారేజీలో ఉన్నాయి.

మాంసం మాత్రం క్రైస్ట్‌చర్చ్‌లోనే పూర్తి చేశాం. ఎదలో ఉన్న పోతు మాంసానికి ఘాటైన వాసన ఉంటుంది. కీమా చేసి, అల్లం వెల్లుల్లీ గరం మసాలా రెట్టింపు వేస్తే గానీ లొంగలేదు. ఆడదాని తొడమాంసం వేరు. కుక్కరులో మామూలు మేకమాంసం కంటే నాలుగు కూతలు ఎక్కువ రానిచ్చి, గసగసాలూ కొబ్బరీ నూరి పులుసు పెడితే గిన్నె ఖాళీ అయింది. వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ "ఇంత ఖర్చు పెట్టి వెళ్ళింది మేకకూర కోసమా" అంది.

మళ్ళీ వెళ్తారా అని ఇక్కడ స్నేహితులు అడుగుతున్నారు. వెళ్తే పోతు కోసం వెళ్ళను. ఆడతార్‌ల వేటకు రుసుము తక్కువ, నడక అంతే, కూర మంచిది, కొండకూ అంతో ఇంతో ఉపయోగం. బావమరిదికి ఆ మాటే చెబితే, "అయితే గైడు కూడా అక్కర్లేదు బావా, అనుమతి పత్రం నేనే తీస్తాను, మీరు మోకాళ్ళు చూసుకోండి" అన్నాడు.